స్క్రీనింగ్ పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ లక్షణాలూ లేనివాళ్లలో జబ్బును ముందుగా పసిగట్టడానికి చేసేవి స్క్రీనింగ్ పరీక్షలు. రొమ్ము క్యాన్సర్‌కు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), గర్భిణులకు డబుల్ మార్కర్ రక్తపరీక్ష, ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు పరీక్ష, ముప్పై దాటినవారికి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు ఈ కోవలోవే. పరీక్షలు అందరికీ అందుబాటులోకి వస్తున్నాయి, సంతోషం. కానీ రిపోర్టును విడమరచి చెప్పేవాళ్లు దొరకడం లేదు. ఫోన్‌కు పీడీఎఫ్ వస్తుంది, అందులో ఎర్ర అక్షరాల్లో ‘హై రిస్క్’ అనో ‘పాజిటివ్’ అనో ఉంటుంది, ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. ఆ టెన్షన్‌లో చాలా భాగం అనవసరం. కొన్నిసార్లు నెగటివ్ రిపోర్టు ఇచ్చే ధైర్యం కూడా అంతే అనవసరం. కింద ఉన్న లెక్కలకు కూడిక, భాగహారం వస్తే చాలు.

పరీక్ష 99 శాతం కచ్చితం అంటున్నారు. నాకు పాజిటివ్ వచ్చింది. అంటే జబ్బు ఉండే అవకాశం 99 శాతమా?

కాదు. అందరూ పొరబడేది ఇక్కడే.

‘కచ్చితత్వం’ అని ఒక్క అంకె చెప్పినా, దాని వెనక రెండు వేర్వేరు కొలతలు ఉంటాయి. జబ్బు ఉన్న వందమందిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. జబ్బు లేని వందమందిలో ఎంతమందికి సరిగ్గా నెగటివ్ ఇస్తుందో చెప్పేది స్పెసిఫిసిటీ. ఈ రెంటినీ ఎవరికి జబ్బు ఉందో, ఎవరికి లేదో తెలిసిన మనుషుల మీద కొలుస్తారు. మీ పరిస్థితి వేరు. మీ చేతిలో రిపోర్టు ఉంది, జబ్బు సంగతే తెలియదు. కాబట్టి మీకు కావలసిన అంకె కూడా వేరు: పాజిటివ్ వచ్చిన వందమందిలో నిజంగా జబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది?

ఆ అంకె కిట్ డబ్బా మీద ఉండదు. ఉండే వీలు కూడా లేదు. మీ వయసువాళ్లలో, మీలాంటి ఆరోగ్య పరిస్థితి ఉన్నవాళ్లలో ఆ జబ్బు ఎంతమందికి ఉంటుందనే దాన్ని బట్టి అది మారిపోతుంది.

కాస్త లెక్క వేసి చూపిస్తారా?

వెయ్యిమంది మహిళలకు మామోగ్రామ్ తీశారనుకుందాం. వాళ్లలో 10 మందికి నిజంగా రొమ్ము క్యాన్సర్ ఉంది. సెన్సిటివిటీ 90 శాతం అనుకుంటే ఆ పదిమందిలో 9 మంది దొరుకుతారు, ఒకరు తప్పిపోతారు. మిగిలిన 990 మందికి క్యాన్సర్ లేదు. కానీ వాళ్లలోనూ 9 శాతం మందికి పొరపాటున పాజిటివ్ వస్తుందనుకుంటే, ఆ సంఖ్య 89.

ఇప్పుడు పాజిటివ్ రిపోర్టు పట్టుకుని బయటికి వచ్చినవాళ్లు మొత్తం 98 మంది. వాళ్లలో క్యాన్సర్ ఉన్నది 9 మందికి. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి పదకొండు మందిలో సుమారు పదిమందికి క్యాన్సర్ లేదు.

ఇందులో పరీక్ష తప్పేమీ లేదు. జబ్బు ఉన్నవాళ్లు పదిమందే కాబట్టి అందులో తొంభై శాతం కూడా చిన్న సంఖ్యే. జబ్బు లేనివాళ్లు దాదాపు వెయ్యిమంది కాబట్టి అందులో తొమ్మిది శాతం కూడా పెద్ద సంఖ్యే. జబ్బు ఎంత అరుదైతే ఫాల్స్ పాజిటివ్‌లు (పొరపాటున వచ్చే పాజిటివ్‌లు) అంత ఎక్కువగా కనిపిస్తాయి.

అలాగని ఆ రిపోర్టును పక్కన పడేయకండి. పరీక్షకు ముందు మీకు క్యాన్సర్ ఉండే అవకాశం వందలో ఒకటి. పాజిటివ్ వచ్చాక అది వందలో తొమ్మిది అయింది. తొమ్మిది రెట్లు పెరిగింది కాబట్టి స్కానింగ్‌కో, బయాప్సీకో వెళ్లి తేల్చుకోవాలి. వీలునామా రాసేంత భయం మాత్రం అక్కర్లేదు.

ఇంత చిన్న లెక్క డాక్టర్లకు తెలియదా?

తెలిసినవాళ్లు ఉన్నారు. కానీ శాతాల రూపంలో అడిగితే చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. 1978లో అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాల బోధనాసుపత్రుల్లో 60 మంది వైద్యులను, విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే జబ్బు, 5 శాతం ఫాల్స్ పాజిటివ్ ఇచ్చే పరీక్ష. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు సుమారు 2 శాతం. దాన్ని చెప్పగలిగింది 11 మంది.

జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్, పైన చెప్పిన మామోగ్రామ్ లెక్కనే 160 మంది గైనకాలజిస్టుల ముందు పెట్టారు. సరైన జవాబు గుర్తించినవాళ్లు 21 శాతం. శాతాలు వదిలేసి ‘వెయ్యిమందిలో ఇంతమంది’ అని మనుషుల లెక్కలో ఎలా ఆలోచించాలో నేర్పాక 87 శాతం మంది సరిగ్గా చెప్పారు. నాకు ఇది చాలా ఆశ కలిగించే విషయం. లెక్కను చెప్పే పద్ధతి మార్చితే చాలు, అర్థమవుతుంది. మీ డాక్టరు గారిని అడిగేటప్పుడు మీరూ అలాగే అడగండి: ‘నాలాంటివాళ్లు వెయ్యిమంది ఈ పరీక్ష చేయించుకుంటే ఏమవుతుంది?’

మూడో నెలలో డబుల్ మార్కర్ చేయిస్తే 1:180, హై రిస్క్ అని వచ్చింది. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టా?

ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబు చెప్పాలి. తొందరపాటు వల్ల తిరిగి సరిదిద్దుకోలేని నిర్ణయాలు జరిగే చోటు ఇదే.

డౌన్ సిండ్రోమ్ పుట్టుకతో వచ్చే జన్యు సమస్య, పిల్లల ఎదుగుదల, తెలివితేటలు మందగిస్తాయి. 1:180 అంటే, మీలాంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ఆ సమస్య ఉండొచ్చు, 179 మంది బిడ్డలకు ఉండదు అని అర్థం. సాధారణంగా 1:250 లాంటి ఒక గీత పెట్టుకుని, ఆ గీత దాటినవాళ్లందరినీ హై రిస్క్ అంటారు. ఈ పరీక్ష పని బిడ్డకు జబ్బు ఉందో లేదో తేల్చడం కాదు. ఇంకా లోతుగా ఎవరిని పరీక్షించాలో ఎంపిక చేయడం.

రక్తపరీక్షను, 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక ఉండే నీటి పొరను కొలిచే ఎన్‌టీ స్కాన్‌ను కలిపి చూస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో 85 నుంచి 90 శాతం దాకా దొరుకుతారు. దానికి బదులుగా ఆరోగ్యంగా ఉన్న బిడ్డల తల్లుల్లో 5 శాతం మందికి హై రిస్క్ అని వస్తుంది. 700 మంది బిడ్డల్లో ఒకరికి ఈ సమస్య ఉంటుందనుకుని లక్షమంది గర్భిణుల లెక్క వేయండి. సమస్య ఉన్న బిడ్డలు సుమారు 143, దొరికేది సుమారు 120 మంది. అనవసరంగా హై రిస్క్ అనిపించుకునేవాళ్లు దాదాపు 5,000. అంటే హై రిస్క్ అన్న నలభై మందికి పైగా తల్లుల్లో ఒక్కరి విషయంలోనే అది నిజమవుతుంది. ఇంకో సంగతి. తల్లి బరువు, గర్భం వారాలు, షుగర్, ఐవీఎఫ్ వివరాలు ఫారంలో తప్పు రాస్తే అంకె మొత్తం మారిపోతుంది. రిపోర్టు రాగానే ముందు ఆ వివరాలు సరిచూడండి.

తర్వాత ఎన్‌ఐపీటీ చేయించమంటారు. తల్లి రక్తంలో తిరిగే మాయ తాలూకు డీఎన్‌ఏను చూసే పరీక్ష ఇది. డౌన్ సిండ్రోమ్ విషయంలో చాలా మంచి పరీక్ష. సెన్సిటివిటీ 99 శాతం, స్పెసిఫిసిటీ 99.9 శాతం అనుకుందాం. ఇద్దరు తల్లులను ఊహించుకోండి.

ఒకరికి పాతికేళ్లు. ఆ వయసులో సుమారు 1,250 మందిలో ఒకరి బిడ్డకు సమస్య ఉంటుంది. లక్షమందిలో 80. పరీక్ష 79 మందిని పట్టుకుంటుంది, మరో 100 మందికి పొరపాటున పాజిటివ్ ఇస్తుంది. పాజిటివ్ వచ్చిన 179 మందిలో నిజమైనవి 79, అంటే 44 శాతం. ఇంకొకరికి నలభై ఏళ్లు. ఆ వయసులో వందలో ఒకరు. లక్షమందిలో 1,000. పట్టుకునేది 990, పొరపాటున వచ్చేవి 99. ఇక్కడ పాజిటివ్ నిజమయ్యే అవకాశం 91 శాతం. అదే ల్యాబ్, అదే మిషన్, అదే ‘99 శాతం’. తల్లి వయసు మారేసరికి రిపోర్టు అర్థమే మారిపోయింది.

ఆ పాతికేళ్ల అమ్మాయికి అత్తగారో, పక్కింటివాళ్లో ‘99 శాతం అంటున్నారుగా, ఇంకెందుకు’ అని చెప్పే మాట ఎంత ప్రమాదమో చూడండి. పైగా పరీక్ష చూసేది మాయ డీఎన్‌ఏను. అరుదుగా మాయలో ఉన్న తేడా బిడ్డలో ఉండదు. కాబట్టి ఎన్‌ఐపీటీ కూడా స్క్రీనింగే. తేల్చి చెప్పేవి మాయ ముక్క తీసి చేసే పరీక్ష, 15 వారాల తర్వాత చేసే ఉమ్మనీటి పరీక్ష. అనుభవం ఉన్నవాళ్లు చేస్తే వీటివల్ల గర్భస్రావం అయ్యే అవకాశం వందలో ఒకటి కన్నా తక్కువ. సమయం మించిపోతుందన్న కంగారు కూడా వద్దు. 2021లో గర్భస్రావ చట్టాన్ని సవరించాక, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటినా అవకాశం ఉంది. కేవలం స్క్రీనింగ్ రిపోర్టు చూసి గర్భం తీయించుకోవద్దు. ఎవరు చెప్పినా సరే, నిర్ధారణ జరిగేదాకా ఆగండి.

నెగటివ్ వచ్చింది. ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

లక్షణాలు లేనివాళ్లకు, జబ్బు అరుదైనదైతే, చాలావరకు ఉండొచ్చు. పై మామోగ్రామ్ లెక్కలో నెగటివ్ వచ్చిన 902 మందిలో క్యాన్సర్ ఉన్నది ఒక్కరికే.

కానీ లక్షణాలు ఉన్నవాళ్ల కథ వేరు. కోవిడ్ రోజుల్లో ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు గుర్తున్నాయి కదా. 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతించిన మొదటి కిట్‌ను రెండు చోట్ల పరీక్షిస్తే స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం వచ్చింది, సెన్సిటివిటీ మాత్రం 50.6 నుంచి 84 శాతం. అంటే పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగటివ్ వస్తే నమ్మడానికి లేదు. అందుకే జ్వరం, దగ్గు ఉండి ర్యాపిడ్‌లో నెగటివ్ వచ్చినవాళ్లకు మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయాలని అప్పట్లో చెప్పారు. ఆ మాట పట్టించుకోకుండా నెగటివ్ స్లిప్పు చూసుకుని పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు ఎందరో.

రొమ్ములో చేతికి గడ్డ తగులుతుంటే మామోగ్రామ్ నెగటివ్ అయినా ఊరుకోకూడదు. లక్షణం కనిపించిన క్షణం నుంచి అది స్క్రీనింగ్ కాదు. డాక్టరు చేత్తో చూడాలి, అల్ట్రాసౌండ్ తీయాలి, అవసరమైతే సూదితో నమూనా తీసి పరీక్షించాలి. వయసులో చిన్నవాళ్లలో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డలు సరిగా కనిపించకపోవచ్చు కూడా.

హెచ్‌ఐవీ పరీక్షలో ఒకసారి పాజిటివ్ వచ్చాక ఇంకో రెండు కిట్లతో ఎందుకు చేస్తారు?

పైన చెప్పిన లెక్క కోసమే. మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు సుమారు 0.2 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశ సగటు కన్నా ఎక్కువే అయినా, వందలో ఒకరు కూడా ఉండరు. లక్షమందిని ఒకే కిట్‌తో, 99.5 శాతం స్పెసిఫిసిటీతో పరీక్షిస్తే దాదాపు 500 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. నిజంగా వైరస్ ఉన్నవాళ్లు 200 మంది. ఒక్క కిట్‌ను నమ్మి చెప్పేస్తే ఎన్ని కాపురాలు కూలిపోతాయో ఆలోచించండి. వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు కిట్లలోనూ పాజిటివ్ వస్తేనే నిర్ధారణ అని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో ఇది ఉచితం, కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. బయట ల్యాబ్‌లో ఒక్క కార్డు టెస్టు పాజిటివ్ వస్తే, ఎవరికీ చెప్పకముందే ఐసీటీసీకి వెళ్లండి.

నెగటివ్ వచ్చినా, ఈ మధ్యే వైరస్ సోకే అవకాశం ఉన్నవాళ్లు విండో పీరియడ్ (వైరస్ సోకినా పరీక్షలో కనిపించని తొలి రోజులు) గడిచాక మళ్లీ చేయించుకోవాలి.

అదే పరీక్షను వేరే ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే సరిపోతుందా?

పొరపాటు దేనివల్ల వచ్చిందో దాన్ని బట్టి ఉంటుంది. నమూనాలు తారుమారైతే, మిషన్‌లో తేడా ఉంటే మళ్లీ చేయించడం పనికొస్తుంది. కానీ పొరపాటుకు కారణం మీ ఒంట్లోనే ఉంటే ఎన్ని ల్యాబులు తిరిగినా అదే జవాబు వస్తుంది. సీఏ-125 పరీక్షనే తీసుకోండి. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ఈ ప్రొటీన్ ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే సమస్య), పొట్టలో టీబీ ఉన్నా, గర్భం వచ్చినా, నెలసరి సమయంలోనూ పెరగొచ్చు. ఎండోమెట్రియోసిస్ ఉన్న మనిషికి పదిసార్లు చేసినా ఎక్కువే చూపిస్తుంది. అలాంటప్పుడు వేరే పద్ధతిలో పనిచేసే పరీక్ష కావాలి. హెచ్‌ఐవీకి ఒకే కిట్‌ను మూడుసార్లు వాడకుండా మూడు రకాల కిట్లు వాడేది అందుకే.

పండుగ ఆఫర్‌లో 70 పరీక్షల హెల్త్ ప్యాకేజీ చేయించాం. నాలుగైదు అంకెలు బోల్డ్‌లో ఉన్నాయి. ఏం చేయాలి?

చాలా పరీక్షల్లో ‘నార్మల్’ హద్దును, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీస్తారు. అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న వందమందిలోనూ ఒక్కో పరీక్షలో ఐదుగురు హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒకటి ‘అబ్‌నార్మల్’ వచ్చే అవకాశం 64 శాతం. డెబ్బై పరీక్షల్లో ఏదీ బోల్డ్‌లో రాకపోతేనే ఆశ్చర్యం.

హద్దుకు కొంచెం అటూ ఇటూ ఉన్న అంకెను చూసి గూగుల్‌లో వెతకడం మొదలుపెట్టొద్దు. మీ ఫ్యామిలీ డాక్టరుకు చూపించండి, పాత రిపోర్టులు ఉంటే పక్కన పెట్టి చూడమనండి.

ప్యాకేజీల్లో ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్షలు) కలపడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళల మీద సీఏ-125, స్కానింగ్‌లతో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏ కూడా అంతే జాగ్రత్తగా చూడాల్సిన రక్తపరీక్ష. 4 దాటిందని బయాప్సీ చేసిన నలుగురిలో సుమారు ముగ్గురికి ప్రోస్టేట్ క్యాన్సర్ కనిపించదు. ఏ లక్షణమూ, కుటుంబ చరిత్రా లేని మనిషికి ‘ఇంకో ఐదొందలు కడితే క్యాన్సర్ టెస్టు కూడా’ అని అమ్మడం సేవ కాదు.

బీపీ, షుగర్, నోటి పరీక్ష, మహిళలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకోండి. ముప్పై దాటినవారికి ఇవి ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. వీటిలో సమస్య దొరికితే చేయగలిగింది ఎంతో ఉంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో జరిగిన అధ్యయనంలో ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ కోసం ఒక్కసారి పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స ఇచ్చినందుకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చింది. షుగర్ వచ్చేసినట్టేనా?

గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే ఈ పరీక్షలో 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డయాబెటిస్ అంటారు, నిజమే. కానీ లక్షణాలు లేనప్పుడు ఒక్క రిపోర్టుతో ముద్ర వేయరు. మళ్లీ అదే చేస్తారు, లేదా పరగడుపున చూస్తారు. పరగడుపున 126 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. మన ఆడవాళ్లలో చాలామందికి రక్తహీనత ఉంటుంది, ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు. హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి.

ఏజెన్సీలో సికిల్ సెల్ పరీక్షలో పాజిటివ్ అన్నారు. కార్డు కూడా ఇస్తారట. మా అమ్మాయికి జబ్బు ఉన్నట్టా?

మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష, రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. జన్యువు ఒకరి నుంచే వచ్చిన క్యారియర్‌కూ, ఇద్దరి నుంచీ వచ్చిన రోగికీ తేడా చెప్పలేదు. ఆ తేడా, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో తెలుస్తుంది. క్యారియర్లు సాధారణంగా ఆరోగ్యంగానే బతుకుతారు. ఈ తేడా తెలియక పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వైపు పిల్లల సంబంధాలు చెడిపోతే అది పరీక్ష చేసిన మేలును కూడా తుడిచేస్తుంది. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో సాల్యుబిలిటీ పరీక్ష నెగటివ్‌ను నమ్మకూడదు, వాళ్ల రక్తంలో ఇంకా పుట్టుకనాటి హిమోగ్లోబినే ఎక్కువ ఉంటుంది. ఈ మధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లు కూడా ఆ సంగతి ముందే చెప్పాలి.

2023 జులైలో మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. అంతమందిని పరీక్షిస్తే ఫాల్స్ పాజిటివ్‌లూ, క్యారియర్లూ లక్షల్లో ఉంటారు. వాళ్లకు కూర్చోబెట్టి చెప్పే మనిషి ప్రతి ఊళ్లో ఉండాలి.

ముందుగా కనిపెడితే మంచిదేగా? తప్పుగా పాజిటివ్ వస్తే వచ్చింది!

అన్నిసార్లూ కాదు. దక్షిణ కొరియాలో 1999లో మొదలైన క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమంతో పాటు, చాలా ఆస్పత్రులు కొద్ది డబ్బుకే గొంతు దగ్గర అల్ట్రాసౌండ్ కూడా చేయడం మొదలుపెట్టాయి. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లు అయ్యాయి. మరణాలు మాత్రం మారలేదు. అంటే దొరికినవాటిలో ఎక్కువ శాతం, ఎప్పటికీ ఆ మనిషికి హాని చేయని చిన్న గడ్డలు. వాటి కోసం వేలమంది ఆపరేషన్‌తో థైరాయిడ్ గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. ఇవి ఫాల్స్ పాజిటివ్‌లు కూడా కావు. నిజంగా క్యాన్సరే, కానీ కనిపెట్టనక్కర్లేని క్యాన్సర్.

‘మా దగ్గర కనిపెట్టినవాళ్లలో ఐదేళ్లు బతికేవాళ్లు ఎక్కువ’ అనే ప్రకటనను కూడా నమ్మేముందు ఆలోచించండి. 70 ఏళ్లకు పోవాల్సిన మనిషికి జబ్బు 67లో తెలిస్తే మూడేళ్లు బతికినట్టు, 62లో తెలిస్తే ఎనిమిదేళ్లు బతికినట్టు లెక్క. ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. చూడాల్సింది మరణాలు తగ్గాయా లేదా అన్నదే.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమని అడగాలి?

నా వయసు, మా ఇంటి చరిత్ర ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎంతమందికి ఉంటుంది? పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎంతమందికి నిజమవుతుంది? తేల్చే పరీక్ష ఏది, దాని వల్ల ఇబ్బందులు ఏమిటి? జబ్బు ఉందని తేలితే చేసే చికిత్స, ఇప్పుడు మొదలుపెట్టినా లక్షణాలు వచ్చాక మొదలుపెట్టినా తేడా ఉంటుందా? ఈ చివరి ప్రశ్న పరీక్షకు ముందే అడిగితే ఇంకా మంచిది. అక్కకో, అమ్మకో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పక చెప్పండి. పైన వేసిన లెక్కల్లో మొదటి అంకె అక్కడే మారుతుంది.

హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చి, తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇక మర్చిపోవచ్చా?

భయం మర్చిపోవచ్చు, తేదీ మర్చిపోకూడదు. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని, క్యాన్సర్ ఉందని కాదు. చాలామందిలో రెండేళ్లలోపు శరీరమే ఆ వైరస్‌ను వదిలించుకుంటుంది. వదలకుండా ఉండిపోయినవాళ్లలోనే ఏళ్ల తర్వాత సమస్య మొదలవుతుంది, అందుకే సాధారణంగా ఏడాది తర్వాత మళ్లీ చూస్తారు. ఒకసారి పొరపాటున పాజిటివ్ వచ్చిందన్న విసుగుతో ఆ తర్వాత పరీక్షలన్నీ మానేసేవాళ్లు ఉన్నారు. అలా చేయొద్దు. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో ఆ ఫైలు అట్ట మీదే రాసుకోండి.